రెటీనా రక్తనాళాల మ్యాపు: కోనసీమ ప్రాజెక్టు డైరీ

కోనసీమలోనూ, వశిష్ఠ అవతల నరసాపురం వైపూ జరిగే కంటి శిబిరాల్లో తీసిన రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఫొటోల్లో రక్తనాళాలను కంప్యూటరు తనంతట తానే గీసివ్వాలి. పని ఇదే. ఆ గీత చేతిలో ఉంటే కిందటేడు ఫొటోనీ ఈ ఏటి ఫొటోనీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా అతికించవచ్చు. నెత్తుటి చుక్కలు వెతికే ప్రోగ్రాము నాళాల ముక్కలను చూసి మోసపోకుండా ఆపవచ్చు. నాళాల వెడల్పు కొలవవచ్చు. జబ్బు ఉందో లేదో చెప్పడం ఈ ప్రోగ్రాము పని కాదు, అది కళ్ల డాక్టరు పని. ఈ గీతని ఎప్పటికీ అలాగే వాడాలి.

ఎవరైనా ఇదే పని తమ ఊళ్లో మొదలుపెడితే అక్కరకు వచ్చేలా, ఏ మెట్టులో ఏం వాడామో, ఎక్కడ ఏది ఎందుకు తేడా కొడుతుందో నెలలవారీగా రాస్తున్నాం.

జూన్: ఎవరి కళ్ల మీద నేర్పాలి

ప్రోగ్రాముకి నేర్పాలంటే, నాళాలకి మనుషులు చేత్తో గుర్తులు పెట్టిన ఫొటోలు కావాలి. అందరూ మొదలుపెట్టేది డ్రైవ్ అనే ఫొటోల కట్ట (డేటాసెట్)తోనే, మేమూ అంతే. నెదర్లాండ్స్‌లో షుగరు ఉన్నవాళ్లకి జరిపిన కంటి పరీక్షల్లోంచి తీసిన 40 ఫొటోలు. కెమెరా చూపు (ఒక్క ఫొటోలో పట్టే కోణం) 45 డిగ్రీలు, ఫొటో సైజు 565×584 పిక్సెళ్లు. 1 నుంచి 20 వరకు పరీక్షకి, 21 నుంచి 40 వరకు ట్రైనింగుకి. ఈ 40లో 33 ఫొటోల్లో షుగరు వల్ల వచ్చే రెటీనా జబ్బు (రెటినోపతీ) జాడే లేదు, మిగిలిన 7 తొలి దశవి. ముదిరిన జబ్బున్న కన్ను ఒక్కటీ లేదు. నవంబరులో వచ్చే చిక్కుల్లో అన్నిటికంటే గట్టిది ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

దీనికి తోడు మరో మూడు. స్టేర్‌లో 20 ఫొటోలు, 700×605, చూపు 35 డిగ్రీలు, సగం జబ్బు కళ్లు. ఛేజ్ డీబీ1లో 14 మంది పిల్లల రెండేసి కళ్లు, మొత్తం 28 ఫొటోలు, 999×960, చూపు 30 డిగ్రీలు. హెచ్‌ఆర్‌ఎఫ్‌లో 45 ఫొటోలు, 3504×2336: 15 ఆరోగ్యమైనవి, 15 షుగరు రెటినోపతీ, 15 గ్లకోమా (నీటికాసులు).

మన దేశపు కళ్లంటే ఐడ్రిడ్ ఉంది. మహారాష్ట్రలోని నాందేడ్‌లో తీసిన 516 ఫొటోలు, 4288×2848, చూపు 50 డిగ్రీలు. అందులో నాళాలకి గుర్తులు పెట్టలేదు. కాని 81 ఫొటోల్లో నెత్తుటి మచ్చలకీ, పసుపు పచ్చని కొవ్వు మరకలకీ పిక్సెల్ పిక్సెల్‌గా గుర్తులున్నాయి. దీన్ని ఇలా వాడుకోవచ్చు: మన ప్రోగ్రాము ఆ 81 ఫొటోల్లో గీసిన నాళాల్లో ఎన్ని పిక్సెళ్లు కొవ్వు మరకల అంచుల మీద పడ్డాయో లెక్కపెట్టాలి. నాళం గుర్తు ఒక్కటీ లేకుండానే తప్పుగీత ఎంతో తేలిపోతుంది.

డేటాని విడగొట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఛేజ్‌లో ఒకే పిల్లవాడి కుడి కన్ను ట్రైనింగులో, ఎడమ కన్ను వ్యాలిడేషన్‌లో (నేర్చుకుందో లేదో మధ్యలో చూసే ఫొటోల్లో) పడకూడదు. విడగొట్టాల్సింది మనిషిని బట్టి, ఫొటోని బట్టి కాదు. అలాగే ఒక ఫొటోలోంచి కోసిన చిన్న ముక్కల్ని కలగలిపి రెండు వైపులా పంచకూడదు. అలా పంచితే పక్కపక్క ముక్కలు చూసేసిన ప్రోగ్రాముకి వ్యాలిడేషన్ మార్కులు ఆకాశంలో ఉంటాయి, కొత్త ఫొటో ఇస్తే నేలమీద పడతాయి. డ్రైవ్ ట్రైనింగు 20లో 4 ఫొటోలు పూర్తిగా పక్కన పెట్టి, థ్రెషోల్డ్ (ఎంత అంకె దాటితే నాళం అనాలో ఆ హద్దు) వాటి మీదే ఎంచుకున్నాం. చిన్న మాట ఇంకోటి: డ్రైవ్ చేతిగుర్తులు జిఫ్ ఫైళ్లు. పాత ఓపెన్‌సీవీ (బొమ్మల పనులకి వాడే లైబ్రరీ) వాటిని తెరవకుండా ఖాళీ చేతులతో తిరిగొస్తుంది, ఎర్రర్ కూడా చూపదు. పిల్లో లైబ్రరీతో తెరిచి పీఎన్‌జీగా మార్చుకుంటే పోతుంది.

జూలై: మాస్కు, కొలత, ఆకుపచ్చ రంగు

రెటీనా ఫొటో అంటే నల్లటి చదరం మధ్యలో గుండ్రటి బొమ్మ. ఆ గుండ్రం అంచే మొదటి శత్రువు. వెలుగు నుంచి నలుపుకి ఒక్కసారిగా దిగే చోట ఏ ఫిల్టరైనా పెద్ద నాళం ఉందనుకుంటుంది. అందుకని ముందు మాస్కు, అంటే గుండ్రం లోపలిదేదో బయటిదేదో చెప్పే పటం. ఎరుపు ఛానెల్ (ఫొటోలోని ఎరుపు వెలుగు ఒక్కటే) తీసుకుని కాస్త మసకచేసి, 255లో 30–35 దగ్గర కోసి, మిగిలిన వాటిలో పెద్ద ముక్క ఒక్కటే ఉంచి, లోపలి బొక్కలు పూడ్చి, అంచు 5 పిక్సెళ్లు లోపలికి తగ్గించాలి. ఎరుపే ఎందుకంటే ఆకుపచ్చ ఛానెల్ అంచుల్లో బాగా చీకటిపడి మాస్కు కొరికేసినట్టు వస్తుంది. సున్నా దగ్గర కోయకపోవడానికి కారణం జేపెగ్: అందులో నలుపు నిజంగా సున్నా ఉండదు, అంచు చుట్టూ అలల్లాంటి చెత్త ఉంటుంది. మూలల్లో కెమెరా ముద్రించే పేరు, తేదీ కూడా ఈ మాస్కుతోనే పోతాయి. రోగి వివరాలు బయటపడకుండా ఉండడానికి అది చాలదు, ఫైలు లోపల దాగిన సమాచారాన్నీ చెరిపి, ఫైలు పేరు మార్చాకే ఫొటో మా దగ్గరికి వస్తుంది.

మాస్కు బయటి నలుపుని అలాగే వదలకూడదు. అంచున ఉన్న పిక్సెళ్ల సగటుతో బయటికి ఒక్కో వరుస నింపుకుంటూ పోవాలి, 40–50 పిక్సెళ్లు చాలు. అప్పుడు అంచు అనే గోడే లేకుండా పోతుంది.

తర్వాత కొలత. దీన్ని చాలామంది దాటేస్తారు, ఫలితంలో సగం తేడా ఇక్కడే వస్తుంది. డ్రైవ్‌లో గుండ్రం అడ్డకొలత దాదాపు 540 పిక్సెళ్లు, చూపు 45 డిగ్రీలు, అంటే డిగ్రీకి 12 పిక్సెళ్లు. 50 డిగ్రీల కెమెరా ఫొటో వస్తే గుండ్రం 600 పిక్సెళ్లు అయ్యేలా కుదించాలి, 30 డిగ్రీలదైతే 360. ఇలా చేయకుండా పెద్ద ఫొటోని నేరుగా ఇస్తే, వెడల్పాటి ధమని మధ్యలో మెరిసే తెల్లగీత దగ్గర ప్రోగ్రాము తికమకపడి ఒక నాళాన్ని రెండు సమాంతర నాళాలుగా గీస్తుంది. కుదించేటప్పుడు ఓపెన్‌సీవీలో ఏరియా పద్ధతే వాడాలి, లీనియర్‌తో నాలుగో వంతుకి కుదిస్తే సన్న నాళాలు చుక్కలు చుక్కలుగా తెగిపోతాయి. చేతి లెన్సు, ఫోనుతో తీసిన ఫొటోల్లో చూపు ఎంతో తెలియదు. అలాంటప్పుడు ఆప్టిక్ డిస్క్ (కంటినరం బయల్దేరే గుండ్రటి చోటు) నడుమ నుంచి మాక్యులా (చూపు అన్నిటికంటే పదునుగా ఉండే చోటు) నడుమకి దూరం చూడాలి. అది దాదాపు 15 డిగ్రీలు, మన కొలతలో 180 పిక్సెళ్లు.

మూడోది రంగు. హిమోగ్లోబిన్ 540, 577 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది, అది పచ్చ రంగు ప్రాంతం. అందుకే గ్రీన్ ఛానెల్‌లో నాళాలు నల్లగా తేలతాయి. ఎరుపులో వెలుగు ఎక్కువై నాళాలు వెలిసిపోతాయి, నీలంలో అంతా చీకటీ, గరుకూ. గ్రీన్ ఒక్కటే తీసుకుని, 61 పిక్సెళ్ల కిటికీలో మీడియన్ (నడిమి విలువ) తీసి వెనకటి వెలుగు పటం తయారుచేసి దాన్ని తీసేశాం. ఈ 61 గాలికి ఎంచిన అంకె కాదు. మన కొలతలో అన్నిటికంటే లావు సిర 10 పిక్సెళ్ల లోపే ఉంటుంది. మీడియన్ కిటికీ 25కి తగ్గితే లావు సిరల్నే వెనకటి వెలుగుగా లెక్కేసి తినేస్తుంది. మరీ పెద్దదైతే కంటి ఒక పక్క చీకటి, ఒక పక్క వెలుగు అలాగే మిగిలిపోతాయి. ఆపైన క్లాహె, అంటే గడి గడికీ వెలుగు నీడల తేడా పెంచే పద్ధతి: క్లిప్ (ఆ పెంపుకి హద్దు) 2.0, 8×8 గడులు. క్లిప్ 4 దాటిస్తే చూడ్డానికి ఫొటో బ్రహ్మాండంగా ఉంటుంది కానీ, కుర్రవాళ్ల కళ్లలో నరాల పొర మీది మెరుపుగీతలు కూడా నాళాల్లా లేస్తాయి.

ఆగస్టు: పాత ఫిల్టర్లు

న్యూరల్ నెట్‌వర్కుకి (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముకి) వెళ్లే ముందు పాత పద్ధతులు రెండూ నడపడం మంచిది. అవి ఎక్కడ తప్పుతాయో చూస్తే ఫొటోలో ఏముందో అర్థమవుతుంది.

1989 నాటి మ్యాచ్‌డ్ ఫిల్టర్ నాళాన్ని అడ్డంగా కోస్తే గాసియన్ గుంటలా, అంటే నడుమ లోతుగా, అంచులు నున్నగా లేచేలా ఉంటుందని అనుకుంటుంది. సిగ్మా (గుంట ఎంత వెడల్పో చెప్పే అంకె) 2, పొడవు 9 పిక్సెళ్లు, 15 డిగ్రీలకొకటి చొప్పున 12 దిక్కులు. ప్రతి పిక్సెల్ దగ్గరా 12లో పెద్ద జవాబు తీసుకోవాలి. ఆరోగ్యమైన కంట్లో ముచ్చటగా పనిచేస్తుంది. కొవ్వు మరకలున్న చోట మాత్రం, తెల్లటి మరక అంచుని కూడా నాళం అంటుంది. ఎందుకంటే దానికి గుంటకీ మెట్టుకీ తేడా తెలియదు.

1998 నాటి ఫ్రాంగీ ఫిల్టర్ ఆ తప్పు కొంత తగ్గిస్తుంది. సిగ్మా 1 నుంచి 3 దాకా, అరేసి చొప్పున పెంచుతూ నడిపాం. దాని బలహీనత వేరు. నాళం రెండుగా చీలే చోట ఆకారం గీతలా కాక బొట్టులా ఉంటుంది, అందుకని సరిగ్గా ఆ కొమ్మ దగ్గరే జవాబు పడిపోయి గీత తెగుతుంది. నాళాల మ్యాపులో అన్నిటికంటే విలువైన చోటే ఖాళీ. దీన్ని చూశాకే, కొలమానంలో గీత తెగకపోవడానికి మార్కులు ఉండాలని నిర్ణయించాం.

వరదల నెల కాబట్టి కరెంటు మాట కూడా రాయాలి. ట్రైనింగు నడిపే మిషనుకి యూపీఎస్ పెట్టినా, ప్రతి ఎపాక్ (ట్రైనింగు ఫొటోలన్నిటినీ ఒక చుట్టు చూడడం) చివరా బరువులతో (నేర్చుకున్న అంకెలతో) పాటు ఆప్టిమైజరు (ఆ అంకెల్ని దిద్దే లెక్క) స్థితిని కూడా ఫైల్లో దాచేలా రాసుకోవాలి. బరువులు మాత్రమే దాచి మళ్లీ మొదలుపెడితే ఆడమ్ అనే ఆ ఆప్టిమైజరు పాత సగటులన్నీ మరిచిపోయి, లాస్ (తప్పు ఎంతో చెప్పే అంకె) ఒక్కసారిగా ఎగిరి దిగుతుంది.

సెప్టెంబరు, అక్టోబరు: యూనెట్

2015లో వచ్చిన యూనెట్ అనే న్యూరల్ నెట్‌వర్కుని చిన్నది చేసి వాడాం: మూడు పూలింగులు (ఒక్కోటీ బొమ్మని సగానికి కుదించేది), ఛానెళ్లు (ఇక్కడ, ఒక్కో మెట్టులో తయారయ్యే పటాలు) 32, 64, 128, అడుగున 256. ఇంత చిన్న డేటాకి ఇంతకన్నా పెద్దది వాడితే బట్టీ పడుతుంది. మూడు పూలింగులంటే కొలతలు 8తో భాగింపబడాలి. 584 సరిపోతుంది, 565ని 568కి పెంచాలి. నాలుగు పూలింగులు పెట్టేవాళ్లు 576×592కి పెంచుకోవాలి. పెంచిన అంచుని చివర్లో కోసేయడం మరిస్తే గుర్తులన్నీ రెండు మూడు పిక్సెళ్లు పక్కకి జరుగుతాయి. కంటికి కనిపించదు, సన్న నాళాల మార్కులు మాత్రం కుప్పకూలతాయి.

చాలా ప్రాజెక్టుల్లో 48×48 ముక్కలు కోస్తారు. మా కొలతలో అది 4 డిగ్రీలు. ఆప్టిక్ డిస్కే 5 డిగ్రీలకి పైన ఉంటుంది. అంటే ఆ ముక్క చూసే ప్రోగ్రాముకి డిస్క్ మొత్తం ఎప్పుడూ కనిపించదు, దాని అంచుని నాళమో కాదో చెప్పమంటే ఊహించాల్సిందే. మేము 256×256 ముక్కలు తీసుకున్నాం, సగానికి పైగా మాస్కు లోపల ఉన్నవే. ఒట్టి నలుపు ముక్కలు కలిస్తే బ్యాచ్ నార్మ్ (ఒక విడత ముక్కల విలువల్ని సమం చేసే మెట్టు) లెక్కలు చెడతాయి. బ్యాచ్‌కి (ఒక్క విడతకి) 8 ముక్కలు, ఆడమ్, లెర్నింగ్ రేటు (ఒక్కో దిద్దుబాటు ఎంత పెద్దదో) 0.001, వ్యాలిడేషన్ లాస్ తగ్గడం ఆగినప్పుడల్లా సగం. లాస్ సగం క్రాస్ ఎంట్రోపీ (ఒక్కో పిక్సెల్ దగ్గర తప్పు ఎంతో), సగం డైస్ (మన గీత, చేతిగుర్తు ఎంత మేర కలిశాయో).

ఫొటోల్ని తిప్పి, బోర్లించి సంఖ్య పెంచడంలో ఒక మెలిక ఉంది. 90 డిగ్రీల తిప్పుళ్లూ బోర్లింపులూ నిరపాయం. వేరే కోణాల్లో తిప్పితే ఒక పిక్సెల్ మందం ఉన్న గుర్తు, దగ్గరి పిక్సెల్ పద్ధతిలో మెట్లు మెట్లుగా తెగుతుంది. ఆ గుర్తుని 0, 1గా కాక దశాంశాలుగా ఉంచి లీనియర్‌గా తిప్పాలి, క్రాస్ ఎంట్రోపీకి 0.6 ఇచ్చినా అభ్యంతరం లేదు. వెలుగు, గామా, కాస్త మసక కూడా మార్చి మార్చి ఇవ్వాలి. మన శిబిరం ఫొటోలకి దగ్గరగా తీసుకెళ్లేవి అవే.

సన్న నాళాలు తప్పిపోతున్నాయని నాళం పిక్సెళ్లకి ఐదారు రెట్ల బరువు ఇవ్వబుద్ధి అవుతుంది. ఇవ్వకూడదు. సెన్సిటివిటీ (ఉన్న నాళంలో ఎంత దొరికిందో) పెరుగుతుంది కానీ పెరిగేది లావు నాళాల అంచులు ఉబ్బడం వల్ల. వెడల్పు కొలత అంతటితో పాడవుతుంది. దానికి బదులు 2021లో వచ్చిన సీఎల్ డైస్ లాస్ కలపడం మేలు. అది నాళం నడిమి గీతని చూసి, గీత తెగితే శిక్షిస్తుంది. మొదట మామూలు లాస్‌తో స్థిరపడ్డాక 0.3 బరువుతో కలిపాం. అందులో ఎముకగీత (ఆ నడిమి గీత) తీసే మెట్ల సంఖ్య నాళపు సగం వెడల్పు కన్నా తక్కువ కాకూడదు, డ్రైవ్ కొలతకి 5 సరిపోతుంది, హెచ్‌ఆర్‌ఎఫ్‌ని అసలు సైజులో వాడేవాళ్లు పెంచుకోవాలి.

ఇక మార్కుల సంగతి. డ్రైవ్ పరీక్ష ఫొటోల్లో ఒక్క నాళం కూడా గీయకుండా మొత్తం నల్లగా వదిలేసినా ఖచ్చితత్వం 0.8727 వస్తుంది. నాళం పిక్సెళ్లు ఎనిమిదో వంతే కాబట్టి. గుండ్రం బయటి నలుపుని కూడా లెక్కలో కలిపితే అంకె ఇంకా పైకెక్కుతుంది. రెండో మనిషి చేత్తో గుర్తుపెట్టింది మొదటి మనిషి గుర్తులతో పోలిస్తే ఖచ్చితత్వం 0.9473, సెన్సిటివిటీ 0.7761. నేర్చుకున్న ఇద్దరు మనుషులే నాలుగో వంతు నాళం పిక్సెళ్ల దగ్గర ఒప్పుకోలేదన్న మాట. అవి ఎక్కువగా అంచులూ, సన్నటి కొసలూ. అలాంటప్పుడు 0.95 నుంచి 0.96కి ఎక్కించడానికి నెలలు పోయడంలో అర్థం లేదని మా గట్టి అభిప్రాయం. మేము చూసేవి మూడే: 3 పిక్సెళ్ల లోపు వెడల్పున్న నాళాల్లో ఎంత దొరికింది, సీఎల్ డైస్ ఎంత, గీత ఎన్ని విడి ముక్కలుగా వచ్చింది. మూడూ మాస్కు లోపలే లెక్కించాలి.

నవంబరు: మన ఫొటోలు

డ్రైవ్ మీద చక్కగా గీసే ప్రోగ్రాము డెల్టా శిబిరాల ఫొటోల మీద పెట్టగానే మారిపోతుంది. తప్పులు రకానికొక కారణంతో వస్తాయి. విడివిడిగా చూడకపోతే ఒక్కటీ లొంగదు.

మొదటిది రంగు. మనవాళ్ల కంటి వెనక పొరల్లో మెలనిన్ ఎక్కువ. నేపథ్యం ముదురు గోధుమ రంగులో ఉండి పచ్చ కాంతిని తక్కువ తిప్పిపంపుతుంది, దాంతో నాళానికీ నేపథ్యానికీ మధ్య తేడా తగ్గుతుంది. ముఖ్యంగా సన్న ధమనులు ముందు మాయమవుతాయి. ఫ్లాష్ పెంచితే డిస్క్ దగ్గర వెలుగు కాలిపోతుంది. వెనకటి వెలుగు పటాన్ని తీసివేయడానికి బదులు దానితో భాగించడం ఇక్కడ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పీల్చుకోవడం అనేది గుణకారంలా పనిచేస్తుంది. భాగహారానికి మారితే ట్రైనింగు ఫొటోలకీ అదే చేసి మళ్లీ నేర్పాలి.

రెండోది శుక్లం. శిబిరానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి ఎంతోకొంత ఉంటుంది. ఫొటో పాలు పోసినట్టు ఉంటుంది, క్లాహె దాన్ని లాగి లాగి గరుకునంతా పైకి తెస్తుంది, ప్రోగ్రాము ఆ గరుకు మీద పొట్టి పొట్టి గీతలు గీస్తుంది. సాలెగూడు ముక్కల్లా విడివిడిగా కనిపిస్తే అదే. విడి ముక్కల సంఖ్యే ఇక్కడ నాణ్యత కొలత అవుతుంది: మొత్తం గీత పొడవు తక్కువగా ఉండి ముక్కలు ఎక్కువగా ఉంటే ‘మళ్లీ తీయాలి, మనిషి చూడాలి’ అని రాయిస్తున్నాం. ‘బాగుంది’ అనే మాట ఈ ప్రోగ్రాము ఏ ఫొటోకీ రాయదు. నాళాలు కనిపించకపోవడం మసక వల్లా కావచ్చు, నాళం మూసుకుపోవడం వల్లా కావచ్చు.

అయితే మసకంతా కంటిదే కాదు. ఏసీ గదిలోంచి కెమెరాని తీసి ఉక్కపోతలో పెడితే లెన్సు మీద చెమ్మ పడుతుంది. బయటికి తెచ్చాక అరగంట సంచిలోనే ఉంచి తర్వాత తెరవాలి. తేడా పట్టడం తేలిక: ఒకరి ఒక కంట్లోనే మసక ఉంటే కంటిది, వరుసగా వచ్చినవాళ్లందరి రెండు కళ్లలోనూ ఉంటే లెన్సుది. సముద్రం దగ్గరి ఊళ్లలో లెన్సుకి బూజు కూడా పడుతుంది, అది సన్నటి దారాల్లా పాకుతుంది. పెట్టెలో సిలికా జెల్ ఉంచి, రంగు మారగానే వేయించి మళ్లీ వాడాలి.

దుమ్ము చుక్కల్ని పట్టడానికి ఒక ఉపాయం: ఒకే కెమెరాతో తీసిన ఓ యాభై ఫొటోల్ని కుదించకుండా, తిప్పకుండా పేర్చి, ప్రతి పిక్సెల్‌కీ మీడియన్ తీయాలి. కళ్లు మారతాయి కాబట్టి నాళాలు కరిగిపోతాయి, దుమ్మూ బూజూ మాత్రం ఉన్నచోటే నిలుస్తాయి. ఆ పటాన్నే పెట్టుకుని వెలుగు సరిదిద్దుకోవచ్చు, లెన్సు తుడిచే రోజు ఎప్పుడొచ్చిందో కూడా అదే చెబుతుంది.

మూడోది చిన్నగా ఉండే కంటిపాప. పాపని పెద్దది చేసే చుక్కల మందు లేకుండా తీసే 45 డిగ్రీల కెమెరాలకి పాప దాదాపు 4 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. షుగరు చాలా ఏళ్లుగా ఉన్న పెద్దవాళ్లకి అంత తెరుచుకోదు, ఫొటోలో ఒక పక్క నెలవంకలా చీకటి పడుతుంది. బడి వరండాలో శిబిరం పెడితే వెలుతురు నాలుగు వైపులా వస్తుంది, కిటికీలకి నల్లగుడ్డ కట్టి రోగిని కాసేపు ఆ చీకట్లో కూర్చోబెట్టాలి. ఒక కంటికి ఫ్లాష్ కొట్టగానే రెండో పాప కూడా ముడుచుకుంటుంది, ఆ రెండో కంటికి వెంటనే తీయకుండా కొన్ని నిమిషాలు ఆగాలి. చుక్కల మందు వేయాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాకే. కంటి ముందు భాగం ఇరుకుగా ఉన్నవాళ్లకి పాప పెద్దదైతే ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది.

నాలుగోది అన్నిటికంటే గట్టిది. షుగరు ముదిరినప్పుడు డిస్క్ మీదా, నాళాల పక్కనా కొత్త నాళాలు పుడతాయి. అవి సన్నగా, మెలికలు తిరిగి, జాలీలా ఉంటాయి. కంటిచూపుని తీసేవి అవే, తొందరగా పట్టాల్సినవీ అవే. డ్రైవ్‌లో అలాంటి కన్ను లేదు కాబట్టి ప్రోగ్రాము వాటిని మసక మచ్చగా చూసి వదిలేస్తుంది. గీసినా, చివర్లో ‘50 పిక్సెళ్ల లోపు విడి ముక్కలు తీసేయి’ అనే మామూలు శుభ్రత మెట్టు వాటినే ముందు చెరిపేస్తుంది. శుభ్రం చేయడమంటే ఇక్కడ ప్రమాదం. అందుకని డిస్క్ చుట్టూ ఒక డిస్క్ వెడల్పు మేర ఆ మెట్టు ఆపేశాం. చెరిపిన ముక్కల్ని కూడా వేరే రంగులో పక్క ఫైల్లో ఉంచుతున్నాం, చూసే డాక్టరుకి రెండూ అందాలి.

జనవరి: చేతిగుర్తులు

వేరే దారి లేదు. మన ఫొటోల మీద మనమే గుర్తులు పెట్టాలి. సంక్రాంతి తర్వాత ఆ పనిలో దిగాం.

క్రితా అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో గ్రీన్ ఛానెల్ అడుగు పొరగా, మీద ఖాళీ పొర, అంచు మెత్తబరచని పెన్సిల్ ఒక పిక్సెల్, జూమ్ 400 శాతం. మౌసుతో చేయి వణుకుతుంది, పెన్ ట్యాబ్లెట్ తప్పనిసరి. డిస్క్ నుంచి మొదలుపెట్టి ఒక నాళాన్ని కొస దాకా పూర్తిచేశాకే రెండోది. అక్కడక్కడా గీస్తే ఒక కొమ్మ తప్పకుండా మిగిలిపోతుంది. నాళం కనపడకుండా పోయిన చోట ఆగిపోవాలి, ‘ఇలాగే వెళ్తుంది’ అని ఊహించి గీయకూడదు. మధ్యలో నెత్తుటి మచ్చ అడ్డం వస్తే, రెండు పక్కలా నాళం స్పష్టంగా ఉంటేనే కలపాలి. అనుమానం ఉన్న గీతలకి వేరే రంగు పెట్టి, ఆ పిక్సెళ్లని లాస్ లెక్కలోంచే తీసేశాం. ప్రోగ్రాముకి తప్పు నేర్పడం కన్నా నేర్పకపోవడం నయం. పీఎన్‌జీలోనే దాచాలి, జేపెగ్‌లో దాచిన గుర్తుకి చుట్టూ బూడిద రంగు నీడ పడి రేపు థ్రెషోల్డ్ దగ్గర గీత లావెక్కుతుంది.

ఒక్కో ఫొటో గంటల తరబడి పని. అందుకని ఏ ఫొటోలు గుర్తించాలో ఎంచుకోవడం ముఖ్యం. చక్కటి ఫొటోలు ఎంచుకుంటే కొత్తగా నేర్పేదేం ఉండదు. పాత ప్రోగ్రాము 0.4, 0.6 మధ్య ఎటూ తేల్చుకోలేని పిక్సెళ్లు ఎక్కువ ఉన్న ఫొటోలు ముందు తీసుకున్నాం. కొన్నిటిని ఇద్దరు ఒకరి గీత ఒకరు చూడకుండా గుర్తించారు. డ్రైవ్‌లో ఇద్దరి మధ్య తేడా ఎంతో తెలుసు కాబట్టి, మన ఇద్దరి తేడా దాన్ని మించితే నియమాలు స్పష్టంగా లేవని లెక్క.

ఫిబ్రవరి: మళ్లీ నేర్పడం, వెడల్పు

లెర్నింగ్ రేటు 0.0001కి తగ్గించి, ప్రతి బ్యాచ్‌లో సగం డ్రైవ్, సగం మన ఫొటోలు. మనవి ఒక్కటే ఇస్తే కొద్ది ఫొటోలనే పట్టుకుని డ్రైవ్‌లో నేర్చుకున్న సన్న నాళాలను మరిచిపోతుంది. మెరుగుదల లావు నాళాల్లో దాదాపు కనిపించలేదు, సన్నవాటిలోనూ డిస్క్ చుట్టూ కనిపించింది. శుక్లం ఉన్నవాటిలో విడి ముక్కలు తగ్గాయి. కొత్త నాళాల దగ్గర ఇంకా నమ్మదగ్గట్టు లేదు, అలాంటి కళ్ల ఫొటోలు చాలినన్ని గుర్తించేదాకా ఉండదు కూడా.

చివరి కోత రెండు థ్రెషోల్డులతో: 0.5 దాటినవి తీసుకుని, వాటికి అంటుకుని ఉన్న 0.3 దాటినవాటిని కూడా కలుపుకోవాలి. ఒకే 0.5తో కోస్తే సన్న నాళం మధ్యలో తెగుతుంది, ఒకే 0.3తో కోస్తే చెత్త వస్తుంది.

గీతని ఎముకలా సన్నం చేసి కొమ్మల లెక్క తీసేటప్పుడు ధమని, సిర దాటుకునే చోట్లు చిక్కుపెడతాయి. పి.గన్నవరం అక్విడక్టు దగ్గర కాలువ వైనతేయ మీదుగా వెళ్తుంది. పైనుంచి ఫొటో చూస్తే రెండూ కలిసినట్టే ఉంటాయి, నీళ్లు మాత్రం కలవవు. ఇక్కడా అంతే. సన్నం చేసే లెక్క ఆ నాలుగు దారుల కూడలిని ఒక్కటిగా ఉంచకుండా, కొద్ది పిక్సెళ్ల దూరంలో మూడేసి దారులున్న రెండు కొమ్మలుగా విడదీస్తుంది. రెండు కొమ్మల మధ్య దూరం అక్కడి నాళం వెడల్పు కన్నా తక్కువైతే వాటిని కలిపి, ఎదురెదురు దారుల్లో దిశ కలిసేవాటిని జత చేయాలి. ఇలా చేయకపోతే ధమని కాస్తా సిరలోకి మలుపు తిరిగినట్టు లెక్కలో పడుతుంది.

వెడల్పుకి దూరపు పటం (నడిమి గీత నుంచి అంచు ఎంత దూరమో) తీసి రెట్టింపు చేయడం మామూలు. 8 పిక్సెళ్ల సిర దగ్గర ఒక పిక్సెల్ తప్పు అంటే ఎనిమిదో వంతు. 2 పిక్సెళ్ల నాళం దగ్గర అదే ఒక పిక్సెల్ సగం. అందుకని సన్న నాళాలకి వెడల్పు రాయడమే లేదు, ఉందా లేదా అన్నదే. లావు వాటికి 2003 నాటి నడ్సన్ పద్ధతి: డిస్క్ అంచు నుంచి అర డిస్క్ వెడల్పుకీ ఒక డిస్క్ వెడల్పుకీ మధ్యనున్న పట్టీలో ఆరు పెద్ద ధమనులు, ఆరు పెద్ద సిరలు తీసుకుని, పెద్దదాన్నీ చిన్నదాన్నీ జతకట్టుకుంటూ రావాలి. రెండు వెడల్పుల వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి ధమనులకి 0.88తో, సిరలకి 0.95తో గుణించాలి. ఒక్కటి మిగిలేదాకా అదే. ఈ కొలతకి కుదించిన ఫొటో పనికిరాదు. గీత ఎక్కడుందో కుదించిన దాంట్లో చూసుకుని, వెడల్పు మాత్రం అసలు ఫొటోలో నాళానికి అడ్డంగా వెలుగు రేఖ గీసి కొలుస్తున్నాం.

మార్చి: ప్రస్తుతం

ప్రోగ్రాముని రకరకాల మిషన్లలో నడిచే ఓఎన్‌ఎన్‌ఎక్స్ రూపంలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో, ఇంటర్నెట్ లేకుండా నడిపిస్తున్నాం. మార్చాక ఒకే ఫొటోకి పాత జవాబూ కొత్త జవాబూ పిక్సెల్‌కి పిక్సెల్ పోల్చి చూడాలి. కుదించే లైబ్రరీ మారితే ఇన్‌పుట్టే మారిపోతుంది, నెట్‌వర్కు తప్పేం ఉండదు.

తరువాతి పని ధమనినీ సిరనీ విడదీయడం. ఆక్సిజన్ ఉన్న నెత్తురు ఎర్ర కాంతిని తక్కువ పీలుస్తుంది కాబట్టి ఎరుపు ఛానెల్‌లో సిర నల్లగానూ ధమని తేలికగానూ ఉంటాయి. కాని మన ఫొటోల్లో ఎరుపు చాలా చోట్ల కాలిపోయి ఉంది. అందుకని శిబిరాల్లో ఫొటోలు తీసేవాళ్లకి ఫ్లాష్ ఒక మెట్టు తగ్గించి కంటికొకటి అదనంగా తీయమని చెప్పాం. ఆ ఫొటోల్లో ఎరుపు ఛానెల్ హిస్టోగ్రామ్ (ఏ వెలుగు ఎన్ని పిక్సెళ్లలో ఉందో చూపే పటం) కుడి గోడకి, అంటే పూర్తి వెలుగుకి తగలకుండా ఉంటేనే గుర్తులు పెట్టడం మొదలుపెడతాం.